సుడులు చెప్పి అమ్మబోయిన ఫోన్

'ఆ రోజుల్లో' అని మొదలుపెట్టడానికి నా వయసు ఇంకా చాలదని మా ఆవిడ అంటుంది. తల పూర్తిగా నెరిసినవాళ్ళకే ఆ మాట వాడే హక్కు ఉందట. కానీ మనుషుల లెక్క వేరు, ఫోన్ల లెక్క వేరు. ఫోన్ల లెక్కలో ఎనిమిదేళ్ళంటే ముత్తాతల కాలం. అందుకని ధైర్యంగానే అంటున్నాను. ఆ రోజుల్లో, అంటే నాకు పెళ్ళి కుదిరి ఇంకా ముహూర్తం రాని రోజుల్లో, ఒక ఫోన్ కోసం మనిషి ఎంతగా కుంగిపోగలడో నాకు అనుభవంలోకి వచ్చింది. పరీక్ష పోయి కుంగినవాళ్ళని చూశాను, ఉద్యోగం పోయి కుంగినవాళ్ళని చూశాను. ఇంకా బజారులోకి రాని ఫోన్ కోసం, దాని మొహం కూడా సరిగ్గా చూడకుండా, అన్నం మానేసినవాణ్ణి మాత్రం ఒక్కణ్ణే చూశాను. అతను రోజూ పొద్దున్నే నా అద్దంలో కనపడేవాడు.

అప్పుడు నేను నరసరావుపేటలో గది అద్దెకు తీసుకుని ఒక విత్తనాల కంపెనీలో పనిచేస్తుండేవాణ్ణి. బండి మీద గురజాల, మాచర్ల, కారంపూడి వైపు తిరగడం, పత్తి చేలో దిగి ఆకు తిరగేసి చూడడం, పురుగో తెగులో కనపడితే ఫొటో తీసి హైదరాబాదులో ఉన్న మా సైంటిస్టు గారికి పంపడం, ఇదీ ఉద్యోగం. అంటే నా ఉద్యోగమంతా ఫోన్ మీదే నడిచేది. ఆ ఫోన్ని నేను ఒకసారి సాగర్ కుడికాలువ గట్టు మీద నిలబడి సెల్ఫీ తీసుకోబోయి కాలువలో పడేశాను. (నీళ్ళు మోకాళ్ళ దాకానే ఉన్నాయి కాబట్టి ఫోనూ దక్కింది, నేనూ దక్కాను.) మూడు రోజులు బియ్యం డబ్బాలో పాతిపెడితే నాలుగో రోజు కళ్ళు తెరిచింది. కానీ అప్పటినుంచి దాని బుద్ధి మారిపోయింది. కాస్త ఎండ తగిలితే చాలు, తెర నడిమధ్యన పైనుంచి కింది దాకా ఒక పచ్చ గీత వచ్చేది. అవతలివాళ్ళకి నా గొంతు నీళ్ళు పుక్కిలిస్తున్నట్టు వినపడేది. కెమెరాకి లోపల చెమ్మ పట్టి, నిక్షేపంలా ఉన్న పత్తి ఆకుకి కూడా ఏదో మాయరోగం ఉన్నట్టు చూపించేది. ఒకసారి మా సైంటిస్టు గారు నా ఫొటో చూసి, ఈ తెగులు ఇంతవరకూ తన చదువులో లేదని, వెంటనే ఆకులు కోసి కొరియర్లో పంపమని హడావిడి చేశారు. పంపాను. ఆకులు బాగానే ఉన్నాయి, మీ ఆరోగ్యం ఎలా ఉందని ఆయన తిరిగి అడిగారు.

ఉద్యోగం వరకైతే ఎలాగో నెట్టుకొచ్చేవాణ్ణి. ఈలోపు పెళ్ళి కుదిరింది. అమ్మాయిది చిలకలూరిపేట, అక్కడే ఒక బడిలో లెక్కల టీచరు. సంబంధం తెచ్చింది మా మేనమామ. పెళ్ళికి రెండున్నర నెలలు ఉంది. రోజూ సాయంత్రం మాట్లాడుకునేవాళ్ళం. నేను మాట్లాడేవాణ్ణి, ఆమె పుక్కిలింతలు వినేది. వారం గడిచాక ఒకరోజు నెమ్మదిగా అడిగింది, "మీరు ఎప్పుడూ వీడియో కాల్ చేయరేంటండీ?" అని. కాలువ సంగతి చెప్పేస్తే పోయేది. కానీ అప్పట్లో నాకు ఉన్న రోగం వేరు. నోరు తెరిస్తే గొప్పలు. "ఈ పాత ఫోన్లో మిమ్మల్ని చూడడం నాకు ఇష్టం లేదండీ," అన్నాను, "వచ్చే నెల ఒక కొత్త ఫోన్ లాంచ్ అవుతోంది. మొత్తం డబ్బు కట్టి ముందే బుక్ చేశాను. వాయిదాలూ అవీ మనకి పడవు. చేతికి రాగానే మొదటి వీడియో కాల్ మీకే." అవతల రెండు సెకన్లు మాట లేదు. తర్వాత, "సరేనండీ" అంది. ఆ రెండు సెకన్లలో ఏం ఆలోచించిందో నాకు తెలియలేదు. నేను మాత్రం ఆ నిశ్శబ్దాన్ని ఆరాధన అనుకున్నాను.

నిజం ఏమిటంటే నేను ఏదీ బుక్ చేయలేదు. ఆ ఫోన్ ఖరీదు నా రెండు నెలల జీతం. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, లాంచే కాని ఫోన్లో మొదటి కాల్ ఎవరికో మాత్రం నిర్ణయమైపోయింది. అప్పటినుంచి నాకు నిద్ర కరువు. ఆ కంపెనీవాళ్ళు వెబ్‌సైటులో ఒక గడియారం పెట్టారు, ఇంకా ఇన్ని రోజులు, ఇన్ని గంటలు అని. దాన్ని నేను పత్తి చేలల్లో, టీ బంకుల దగ్గర, ఆఖరికి గురజాలలో చావుకి వెళ్ళిన చోట కూడా తెరిచి చూసుకునేవాణ్ణి. అందరినీ ఆ గడియారం పండగకి దగ్గర చేస్తుంటే నన్ను మాత్రం ఉరికి దగ్గర చేస్తున్నట్టు ఉండేది. ఫోన్ రాకపోతే పెళ్ళికి ముందే నేను అబద్ధాలకోరునని తేలిపోతుంది. లెక్కల టీచరు, చిన్న తప్పు కూడా వదలదు. ఆ పైన సంబంధం నిలుస్తుందో లేదో కూడా అనుమానమే.

మా ఆఫీసులో ఒక సీనియర్ ఉండేవాడు. ఇంట్లో ఫ్రిజ్జు, టీవీ, బండి, ఆఖరికి మిక్సీ కూడా వాయిదాల మీదే కొన్నాడు కాబట్టి అందరం ఆయన్ని ఈఎంఐ అన్నయ్య అనేవాళ్ళం. సలహాకి ఆయన దగ్గరికే వెళ్ళాను. మా కంపెనీ వాళ్ళు రైతులకి పంచే నోటు పుస్తకం వెనక పేజీలో ఆయన నాకు బ్రతుకుదారులు గీసి చూపించాడు. ఒకటి వడ్డీ లేని ఈఎంఐ. దానికి క్రెడిట్ కార్డు ఉండాలి, నాకు లేదు. ఇంకోటి అప్‌గ్రేడ్ స్కీము. సగం ఖరీదు ఏడాది పొడుగునా కట్టి, ఏడాది తర్వాత ఫోన్ మీద గీత పడకుండా వాళ్ళకి తిరిగిచ్చి మళ్ళీ కొత్తది తీసుకోవాలి, మళ్ళీ కట్టాలి. "ఇది ఎప్పటికి అయిపోద్ది అన్నయ్యా?" అని అడిగితే, "అయిపోవడం ఏందిరా, మనం అయిపోయేదాకా ఉంటది" అన్నాడు తృప్తిగా. మిగిలింది ఫైనాన్సు. దానికి ముందు కొంత కట్టాలి. ఆ కొంతలో సగం నా దగ్గర ఉంది. మిగతా సగం పాత ఫోన్ ఎక్స్ఛేంజ్‌లో రావాలి. ఇంట్లో అడుగుదామంటే పెళ్ళి పనుల్లో ఉన్నారు, పైగా ఫోన్ కోసం అని చెప్పడానికి మొహం చెల్లలేదు. అంటే నా పరువు, నా పెళ్ళి, నా మొదటి వీడియో కాల్, అన్నీ ఆ కాలువలో మునిగిన ఫోన్ మెడలో వేలాడుతున్నాయన్నమాట.

ఆ నిరాశలోనే నాకు రెండు ఉపాయాలు తట్టాయి. మొదటిది, పచ్చ గీత వేడికే వస్తుంది కాబట్టి ముందు రోజు సాయంత్రం నుంచి ఫోన్ ఆపేసి, మట్టి కూజాకి ఆనించి పడుకోబెట్టి, పొద్దున్నే ఏసీ షోరూముకి తీసుకెళ్ళడం. కెమెరా మీద చెమ్మ కూడా, ఒక పూట బియ్యంలో పెడితే, ఒక గంట సేపు కనపడకుండా పోయేది. రెండోది, బేరానికి మా మేనమామని వెంట తీసుకెళ్ళడం. ఈ రెండో ఉపాయం తట్టిన రోజు నన్ను నేనే మెచ్చుకున్నాను. ఇప్పుడు తలచుకుంటే ఆ మెచ్చుకున్న చేతిని విరిచేయాలనిపిస్తుంది.

మా మేనమామ కారంపూడి దగ్గర పల్లెలో ఉండేవాడు. పశువుల సంతల్లో దళారి. కొనేవాడికీ అమ్మేవాడికీ మధ్య నిలబడి, భుజం మీద తువ్వాలు తీసి చేతుల మీద కప్పి, దాని కింద వేళ్ళు పట్టుకుని ధర నడిపేవాడు. చుట్టూ వందమంది ఉన్నా ఎంతకి తెగిందో ఆ ఇద్దరికీ తప్ప ఎవరికీ తెలిసేది కాదు. ఎద్దు నోరు తెరిచి పళ్ళు చూసి వయసు చెప్పేవాడు, ఒంటి మీద వెంట్రుకల సుడులు చూసి మంచీ చెడూ చెప్పేవాడు. చిన్నప్పుడు సెలవుల్లో ఆయన వెంట సంతకి వెళ్ళేవాణ్ణి. ఆయన నిలబడ్డ బేరం తెగకపోవడం నేను చూడలేదు. ఒకసారి మాత్రం తన సొంత ఎద్దుని అమ్ముతూ కొనేవాడితో, "దీనికి కుడి కన్ను కాస్త మందం. కొత్త మనిషిని చూస్తే బెదురుద్ది" అని తనే చెప్పడం విన్నాను. అదేదో ఎత్తుగడ అనుకున్నాను. ఎత్తుగడ కాదని తెలుసుకోవడానికి నాకు పదిహేనేళ్ళు పట్టింది.

అమ్మకాలు మొదలైన రోజు మామయ్య మొదటి బస్సుకే నరసరావుపేటలో దిగాడు. తెల్ల పంచె, భుజాన తువ్వాలు. దారిలో నా కూజా ఉపాయం ఆయనకి గర్వంగా వివరించాను. ఆయన ఏమీ అనలేదు. ఆ మౌనాన్ని కూడా మెచ్చుకోలే అనుకున్నాను. (మౌనాలని అర్థం చేసుకోవడంలో నాది మొదటినుంచీ ఇదే వరస.) షోరూములో చల్లగా ఉంది. ఎక్స్ఛేంజ్ కౌంటర్లో ఒక అమ్మాయి నా ఫోన్ తీసుకుని, తన యాప్ పెట్టి, అటూ ఇటూ తడిమి చూసింది. తెర తెల్లగా, శుభ్రంగా వెలుగుతోంది. గీత జాడే లేదు.

"కండిషన్ బాగుంది సార్. తొమ్మిది వేలు వస్తుంది" అంది.

నేను కలలో కూడా అనుకోని ధర అది. అక్కడితో సంతకం పెట్టి బయటపడితే ఈ కథ లేదు. కానీ ఆశ ఒకటి ఉంటుంది కదా, మామయ్యని మోచేత్తో పొడిచాను, ఇంకాస్త లాగమని. ఆయన ముందుకొచ్చి, అలవాటుగా భుజం మీద తువ్వాలు తీశాడు. ఎదురుగా ఉన్నది ఆడపిల్ల అని గుర్తొచ్చి మళ్ళీ వేసుకున్నాడు. ఫోన్ అందుకుని తిరగేశాడు. ఛార్జింగ్ పెట్టే కన్నంలోకి, ఎద్దు నోట్లోకి చూసినట్టే, కన్ను చికిలించి చూశాడు.

"అమ్మాయ్, నువ్వు చూసింది పైపైన. దీని సుడులు నేను చెప్తా, రాసుకో" అన్నాడు.

"మామా" అన్నాను. ఆయన చెయ్యి పట్టుకుని లాగాను.

"నువ్వుండు అల్లుడూ. తల్లీ, ఇది ఒకసారి కుడికాలువలో పడింది. మూడు రోజులు బియ్యంలో ఉంది. ఎండ తగిల్తే నడిమజ్జన పచ్చ గీత వచ్చుద్ది. ఇప్పుడెందుకు రాలేదంటావా, రాత్రంతా కూజా పక్కన పడుకోబెట్టి తెచ్చాడు మావాడు. మాట్లాడితే అవతలోళ్ళకి నీళ్ళ చప్పుడు. ఫొటో కూడా మసకే."

ఆ అమ్మాయి నా వైపు చూసింది. నేను గోడ మీద ఉన్న కొత్త ఫోన్ బొమ్మ వైపు చూశాను. "పెద్దాయనా, ఇవన్నీ మీరు చెప్పకపోయినా మా యాప్‌లో పాసైపోయింది కదండీ" అంది పాపం, నా మొహం చూసి జాలిపడి.

"యాప్‌కేం తెలుసు తల్లీ. రేపు దీన్ని కొనుక్కున్నోడు ఎవరో ఉంటాడు. ఎర్రటి ఎండలో నిలబడి అవసరానికి ఫోన్ తీస్తే గీత వచ్చుద్ది. ఆడి ఉసురు నీకెందుకు, మావాడికెందుకు? దోషం చెప్పకుండా అమ్మిన గొడ్డు తాలూకు డబ్బు ఇంట్లో నిలవదు. నలభై ఏళ్ళు సంతలో ఉన్నా, చెప్పకుండా ఒక్క తోక అమ్మలా." ఫోన్ మీద బొటనవేలితో నిమిరాడు. "అయితే ఒకటి. కాలువలో పడి కూడా బతికొచ్చింది. ఇన్నాళ్ళలో ఎప్పుడూ పిలిస్తే పలకడం మానలా. అది కూడా రాసుకో."

ఆ అమ్మాయి సరేనంటూ తల ఊపి, తన తెర మీద వేలితో పైకీ కిందకీ దేనికోసమో వెతికింది. ఎందుకు వెతికిందో నాకు అప్పుడు పట్టలేదు. కాసేపటికి, "ఇవన్నీ నొక్కితే పదకొండు వందలు చూపిస్తోంది సార్" అంది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. షోరూము మేనేజరు మా అవస్థ గమనించి దగ్గరికొచ్చి, అప్‌గ్రేడ్ స్కీము గురించి ఇంగ్లీషూ తెలుగూ కలిపి చెప్పడం మొదలుపెట్టాడు. మామయ్య ఓపిగ్గా మొత్తం విని, "అంటే కౌలుకిస్తారన్నమాట. కౌలు చేలోనన్నా పంట వచ్చుద్ది, దీంట్లో ఏమొచ్చుద్ది బాబూ?" అని అడిగాడు. నా పాత ఫోన్ జేబులో వేసుకుని బయటికొచ్చాం. నా వెనక వరసలో ఉన్నవాడు నా కళ్ళముందే ఆ కొత్త ఫోన్ పెట్టె విప్పుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది. హాస్యానికి చెప్పడం లేదు, నిజంగానే వచ్చింది.

బస్టాండు దగ్గర బంకులో మామయ్య నిమ్మళంగా టీ తాగుతుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. జరిగిందంతా కక్కేశాను. ఫోన్ బుక్ చేశానని చిలకలూరిపేట అమ్మాయికి అబద్ధం చెప్పానని, ఈరోజు మొదటి వీడియో కాల్ కోసం ఆమె ఎదురుచూస్తుంటుందని, "నా పెళ్ళి నువ్వే తెచ్చావు, నువ్వే చెడగొట్టావు మామా" అని. ఆయన గ్లాసు కింద పెట్టి, "చెప్పెయ్యి మరి. గొడ్డుకైనా మనిషికైనా, ఎదుటోళ్ళు సుడి చూసేలోపు మనమే చెప్పాల" అన్నాడు. ఎంత తేలిగ్గా అన్నాడో. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. తెర మీద ఆమె పేరు. ఎండలో ఉన్నాం కాబట్టి ఆ పేరు మధ్యనుంచి పచ్చ గీత కూడా ఉంది. ఎత్తకుండా ఉందామనుకున్నాను, మామయ్య నా వైపే చూస్తున్నాడు. ఎత్తి, మొత్తం ఒక్క ముక్కలో చెప్పేశాను. బుక్ చేయలేదండీ, డబ్బుల్లేవండీ, ఈ ఫోన్ కాలువలో పడిందండీ.

"తెలుసండీ" అంది ఆమె.

"ఎట్టా తెలుసు?" అన్నాను.

"పెళ్ళిచూపుల రోజునే మీ మామయ్యగారు చెప్పారు. మీరు పెరట్లో చెయ్యి కడుక్కుంటున్నారు అప్పుడు. మావాడికి గొప్పలు చెప్పే అలవాటుంది, ఏం చెప్పినా పావలా వంతు తీసేసి వినండి అన్నారు. చెయ్యి దుబారా అన్నారు. కోపమొస్తే అన్నం మానేస్తాడు, బతిమాలొద్దు, ఆకలేస్తే వాడే వస్తాడు అన్నారు. ఫోన్ కాలువలో పడేసుకున్న సంగతి కూడా చెప్పారు."

నేను మామయ్య వైపు తిరిగాను. ఆయన రెండో టీ చెప్పుకుంటున్నాడు. ఎద్దు గురించి, ఫోన్ గురించి చెప్పినట్టే, నా గురించి కూడా ఆ ఇంటి అరుగు మీద కూర్చుని ఒక్కో సుడీ చూపించి వచ్చాడన్నమాట. సిగ్గుతో నేను అక్కడికక్కడే కుంచించుకుపోయాను. "ఇన్ని తెలిసి ఎందుకు ఒప్పుకున్నారండీ?" అని అడిగాను. నా గొంతు నాకే పుక్కిలింతలా వినపడింది.

"చివర్లో ఆయన ఒక మాటన్నారు. కాడి కింద మాత్రం పడుకోడు, అన్నారు. నాకు అర్థం కాలేదు. తర్వాత మా నాన్నని అడిగాను. సాలు మధ్యలో బరువెక్కువైతే కొన్ని ఎద్దులు కాడి కిందే పడుకుంటాయంట, ఎంత కొట్టినా లేవవంట. అంతకన్నా చెడ్డ దోషం లేదంట. అది లేదన్నారు కదా, మిగతావి సర్దుకోవచ్చులే అనుకున్నా." మళ్ళీ తనే, "వీడియో కాల్ చేయండి. గీత ఉన్నా పర్లేదు" అంది.

చేశాను. ఆమె మొహం మధ్యనుంచి పచ్చ గీత, చుట్టూ పొగమంచు. మసకలోంచి నవ్వు మాత్రం కనపడింది. నా మొహం ఆమెకి ఎలా కనపడిందో ఇప్పటికీ చెప్పదు. ఆ ఫోన్నే పెళ్ళయ్యాక కూడా ఏడు నెలలు వాడాను. సైంటిస్టు గారు ఇంకో రెండు కొత్త తెగుళ్ళు కనుక్కునేవారు కానీ, అంతలో అది తనంతట తనే కన్నుమూసింది.

ఇదంతా ఇప్పుడు ఎందుకు గుర్తొచ్చిందంటే, ఈ నెలలో మళ్ళీ ఏదో ఫోన్ లాంచ్ అవుతోంది. మళ్ళీ గడియారం, మళ్ళీ వాయిదాలు, మళ్ళీ కౌలు స్కీములు. ఇప్పుడు నాకు కార్డు ఉంది, కొనగలను కూడా. ఇప్పుడు ఎక్స్ఛేంజ్‌కి షోరూముకి వెళ్ళక్కర్లేదు, ఇంట్లో కూర్చుని యాప్‌లో ప్రశ్నలకి జవాబులు నొక్కితే ధర చెప్పేస్తుంది. నిన్న సాయంత్రం కూర్చున్నాను. తెర మీద గీతలున్నాయా, ఉన్నాయి. బ్యాటరీ త్వరగా అయిపోతుందా, అవుతుంది. ఎప్పుడైనా కింద పడిందా, మూడుసార్లు. ఒక్కో గడి నొక్కినకొద్దీ ధర దిగిపోతోంది. వెనకనుంచి మా ఆవిడ తొంగిచూసి, "ఏందీ, మళ్ళీ సుడులు చెప్తున్నారా?" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయింది.

మామయ్య పోయి రెండేళ్ళు దాటింది. సంతల్లో ఎద్దులు తగ్గిపోయాక చివరి రోజుల్లో ఆయన తువ్వాలుకి మొహం తుడుచుకోవడం తప్ప వేరే పని లేకుండా పోయింది. దోషాలన్నీ నిజాయితీగా నొక్కేశాక నేను ఆ యాప్‌లో పైకీ కిందకీ రెండుసార్లు వెతికాను. ఈ ఫోన్‌తోనే మా పాప మొదటి అడుగు వీడియో తీశాను, ఈ ఫోన్‌లోనే మామయ్య ఆఖరిసారి "అల్లుడూ, తిన్నావా" అని అడిగాడు. అడిగినప్పుడల్లా పలికింది. అది రాయడానికి ఎక్కడా చోటు లేదు. ఆ రోజు కౌంటర్లో అమ్మాయి దేనికోసం వెతికిందో ఇప్పటికి తెలిసొచ్చింది. చివరికి ఎంత మిగిలిందో చూసుకోకుండానే యాప్ మూసేసి, ఇంకో ఏడాది దీన్నే వాడదాంలే అనుకున్నాను. లాంచ్ కోసం అన్నం మానేసిన ఆ పిల్లవాడు ఇది చూస్తే నన్ను తిట్టిపోసేవాడు. తిట్టి, ఆకలేశాక వాడే వచ్చేవాడు.